పాత చెక్‌సమ్ పద్ధతుల విరమణ: డేటాబేసుల్లో తెలుగు పాఠ పరిరక్షణ

వ్యాససంగ్రహం:

అంతర్జాల పత్రికల వ్యాసాలు, గ్రంథాలయ సూచికలు డేటాబేసుల్లో నిల్వ ఉంటున్నాయి. నిల్వలో ఉన్న పాఠం చెడిపోయిందా లేదా అని యంత్రం చెక్‌సమ్ అనే సంఖ్య ఆధారంగా నిర్ణయిస్తుంది. ఆ సంఖ్యను లెక్కించే పాత పద్ధతులను డేటాబేసు సాఫ్ట్‌వేర్లు క్రమంగా విరమించుకుంటున్నాయి. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీలు వాడే ఇన్నోడీబీ నిల్వ విధానాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ విరమణకు కారణాలనూ, పాత పాఠానికి అందులో ఉన్న ప్రమాదాన్నీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాత ముద్రతో చివరిసారి సరిచూడకుండా కొత్త ముద్ర వేస్తే దోషపాఠమే ధ్రువపాఠంగా స్థిరపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చెక్‌సమ్, డేటాబేసు, ఇన్నోడీబీ, పాఠ పరిష్కరణ, వర్గయతి, సేత్వార్, గ్రంథాలయ సూచిక.

1. ఉపోద్ఘాతం:

యూనికోడ్‌లో 'క' అక్షరం సంఖ్య 3093, 'గ' అక్షరం సంఖ్య 3095. ఈ రెండు సంఖ్యలను సున్నాలు, ఒకట్లుగా రాసి చూస్తే వాటి మధ్య ఒకే ఒక్క బిట్టు తేడా కనిపిస్తుంది. 'త', 'ద'ల సంబంధం కూడా ఇటువంటిదే. నిల్వ పరికరంలో ఒక బిట్టు తారుమారైతే 'కుడి' కాస్తా 'గుడి' అవుతుంది, 'తాత' 'దాత' అవుతాడు. మారిన మాట కూడా అర్థవంతమైనదే కనుక అక్షరదోషాలను పట్టే సాధనాలకు అది చిక్కదు. పాఠకుడు కూడా వాక్యాన్ని ఎలాగో సమన్వయించుకొని ముందుకు సాగిపోతాడు.

అచ్చులో ఇటువంటి పొరపాటును ముద్రారాక్షసమని సరిపెట్టుకోవచ్చు. అచ్చయిన ప్రతులు వందల చోట్ల ఉంటాయి, ఒకదానితో మరొకటి పోల్చి చూడవచ్చు. అంతర్జాల పత్రికలో వెలువడిన వ్యాసానికి చాలా సందర్భాల్లో సర్వరులోని ప్రతి ఒక్కటే మూలం. వర్డ్‌ప్రెస్ ఆధారంగా నడిచే పత్రికల రచనలు మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీలో ఉంటాయి. పరిశోధన పత్రికలు విరివిగా వాడే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్, కళాశాల గ్రంథాలయాల్లో కనిపించే కోహా కూడా వీటి మీద నడిచేవే. అందువల్ల ఈ డేటాబేసులు తమ పాఠాన్ని ఏ విధంగా సరిచూసుకుంటాయో తెలుసుకోవడం పాఠ పరిష్కరణ పద్ధతులు ఎరిగిన వారికి పరాయి విషయం కాదు.

2. సరిచూసే సంఖ్య - రెండు దేశీయ ఉపమానాలు:

చెక్‌సమ్ అంటే ఒక పాఠంలోని అన్ని అంశాలనూ నిర్ణీత సూత్రం ప్రకారం లెక్కించి రాబట్టిన చిన్న సంఖ్య. పాఠాన్ని దాచేటప్పుడు ఆ సంఖ్యను కూడా పక్కనే దాస్తారు. తిరిగి చదివేటప్పుడు మళ్లీ లెక్కించి, రెండు సంఖ్యలూ ఒకటే అయితే పాఠం క్షేమమని, కాకపోతే చెడిందని నిర్ణయిస్తారు.

తెలంగాణ భూమి దస్తావేజులు ఎరిగినవారికి ఈ ఊహ కొత్తది కాదు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో ఒక సర్వే నంబరుకు సేత్వార్‌లో 12 ఎకరాల 20 గుంటలు నమోదై ఉందని ఊహిద్దాం. కాలక్రమంలో అది నాలుగు బై నంబర్లుగా చీలింది: 3 ఎకరాల 10 గుంటలు, 4 ఎకరాల 5 గుంటలు, 2 ఎకరాల 30 గుంటలు, 2 ఎకరాల 15 గుంటలు. ఎకరానికి 40 గుంటల లెక్కన కూడితే 12 ఎకరాల 20 గుంటలే వస్తుంది. ఎవరైనా మొదటి భాగాన్ని పొరపాటున 3 ఎకరాల 20 గుంటలుగా రాస్తే మొత్తం 10 గుంటలు పెరిగి తప్పు బయటపడుతుంది. అయితే అదే 10 గుంటలను రెండో భాగం నుంచి తగ్గించి రాస్తే మొత్తం మారదు. ఒక రైతు భూమి మరొక రైతు ఖాతాలోకి వెళ్లినా కూడిక సరిగానే ఉంటుంది. కూడిక మాత్రమే ఆధారమైన చెక్‌సమ్ బలహీనత ఇదే. ఏ తప్పును పట్టగలదు, దేన్ని వదిలేస్తుంది అన్నది సూత్రాన్ని బట్టి ఉంటుంది.

ఛందస్సులో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గణాలు, యతి, ప్రాసలు పద్యానికి అందాన్నిస్తాయి, లేఖక దోషాలను పట్టిస్తాయి కూడా. గురులఘువులు తప్పితే లేఖకుడు ఏదో వదిలేశాడనో, చేర్చాడనో పరిష్కర్త గ్రహిస్తాడు. అయితే 'కుడి', 'గుడి' రెండూ రెండేసి లఘువులే కాబట్టి గణాలకు ఆ మార్పు తెలియదు. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానాలు. అక్కడ 'క' బదులు 'గ' వచ్చినా వర్గయతి కుదురుతుంది కనుక ఆ పరీక్షలోనూ దోషం నెగ్గుతుంది. ప్రాసస్థానంలో మాత్రం దొరికిపోతుంది, ఎందుకంటే అక్కడ అదే హల్లు పునరావృతం కావాలి. పద్యంలో మిగిలిన అక్షరాలపై యతిప్రాసలకు అధికారమే లేదు. ఒక పరీక్ష ఎంత కఠినమైనది అనే ప్రశ్నతో పాటు, పాఠంలో ఎంత భాగాన్ని అది చూస్తున్నది అనే ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇన్నోడీబీ చరిత్రలో మొదట తేలిపోయినది ఈ రెండో ప్రశ్న దగ్గరే.

3. ఇన్నోడీబీ పేజీ - ఇరవై ఆరు బైట్ల కథ:

ఫిన్లండ్‌కు చెందిన హైకీ టూరీ రూపొందించిన ఇన్నోడీబీ సమాచారాన్ని పేజీలుగా విడగొట్టి దాస్తుంది. పేజీ సాధారణ పరిమాణం 16,384 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులను కూడా కలుపుకొంటే ఒక పేజీలో సుమారు 5,400 సంకేతాలు ఇముడుతాయి. ప్రతి పేజీకీ ముందు 38 బైట్ల శీర్షం, చివర 8 బైట్ల తోక ఉంటాయి. శీర్షంలో పేజీ సంఖ్య, ముందు వెనుక పేజీల సంఖ్యలు, చివరి మార్పు వరుస సంఖ్య మొదలైన వివరాలు ఉంటాయి.

తొలినాటి చెక్‌సమ్ ఈ పేజీలో మొదటి 26 బైట్లను మాత్రమే లెక్కలోకి తీసుకునేది. అంటే శీర్షంలో కొంత భాగమే. దాచిన వ్యాసం, పద్యం, ఖాతాదారు పేరు ఏవీ ఆ లెక్కలోకి వచ్చేవి కావు. పేజీలో దాదాపు 630వ వంతును చూసి మొత్తం క్షేమమని ధ్రువీకరించే పరీక్ష అది. పుస్తకం అట్టను చూసి లోపలి పుటలన్నీ ఉన్నాయని సంతకం పెట్టడం వంటిది. ఇది ఉద్దేశించి చేసినది కాదు, ప్రోగ్రాములోని దోషం. 2003లో వెలువడిన మైఎస్‌క్యూఎల్ 4.0.14లో దాన్ని సవరించారు. పేజీ దేహాన్ని కూడా లెక్కించే కొత్త సూత్రాన్ని తెచ్చి, దాని ఫలితాన్ని పేజీ మొదటి 4 బైట్లలో ఉంచారు. పాత సంఖ్యను మాత్రం తొలగించలేదు. అప్పటికే ఉన్న ఫైళ్లు చదవగలిగేలా ఉండాలి కనుక అది పేజీ తోకలో అలాగే కొనసాగింది.

సవరించిన సూత్రం బైటు తర్వాత బైటుగా లెక్కించేది కావడంతో నెమ్మదిగా నడిచేది. వేగ పరీక్షల్లో మంచి ఫలితాలు చూపడానికి చెక్‌సమ్‌ను పూర్తిగా ఆపివేసే వీలు కూడా కల్పించారు. అలా ఆపినప్పుడు చెక్‌సమ్ స్థానంలో ఒక స్థిరసంఖ్యను రాస్తారు. పదహారు ఆధారంగా రాసే అంకెల్లో దాన్ని 'డెడ్‌బీఫ్' అని చదవవచ్చు. ప్రోగ్రామర్ల పరిహాసం డేటాబేసు పేజీల మీద శాశ్వత ముద్రగా నిలిచిన అరుదైన సందర్భం ఇది.

వేగం సమస్య యంత్రాల వైపు నుంచి తీరింది. 2008లో వచ్చిన ఇంటెల్ నెహాలెమ్ ప్రాసెసర్లలో సీఆర్‌సీ-32సీ అనే చెక్‌సమ్‌ను నేరుగా లెక్కించే ఆదేశం చేరింది. ఆ సౌకర్యాన్ని వాడుకొనే పద్ధతి మైఎస్‌క్యూఎల్ 5.6లో ఒక ఎంపికగా వచ్చింది. 5.7లో అదే సహజ అమరిక అయింది. మరియాడీబీ 10.4లో 'ఫుల్ సీఆర్‌సీ32' అనే మరొక రూపం ప్రవేశించింది. మొదటి బైటు నుంచి చెక్‌సమ్ ముందరి బైటు దాకా పేజీ మొత్తాన్ని ఇది ఏ మినహాయింపూ లేకుండా లెక్కిస్తుంది. ఏ పద్ధతి వాడారో ఫైలు తానే చెప్పుకోవడం దీనితోనే మొదలైంది. అంతకు ముందరి ఫైళ్లకు ఆ గుర్తింపు లేదు. 10.5లో ఇది సహజ అమరిక కాగా, 2021లో స్థిరరూపం పొందిన 10.6 నుంచి పాత ఇన్నోడీబీ సూత్రాన్నీ, చెక్‌సమ్ లేని అమరికనూ ఎంచుకొనే వీలు తొలగించారు.

ఈ తొలగింపు స్వభావాన్ని సరిగా గ్రహించాలి. 10.6 పాత సూత్రంతో కొత్తగా రాయడానికి ఒప్పుకోదు. పాత సూత్రంతో రాసి ఉన్న పేజీలను మాత్రం సాధారణ అమరికలో ఇప్పటికీ చదువుతుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీని భూవివాదాల్లో నేటికీ ఆధారంగా చూస్తున్నారు. ఆ నమూనాలో ఇప్పుడు ఎవరూ కొత్త నమోదు చేయరు. సాఫ్ట్‌వేర్ పరిభాషలో విరమణ అనే మాటకు మొదటి మెట్టు ఇదే. చదవడాన్ని కూడా నిరాకరించేది తర్వాతి మెట్టు.

4. అన్ని ముద్రలనూ అంగీకరించడంలో ముప్పు:

పాత పద్ధతులను కూడా చదవనివ్వడం ఉదారంగా తోస్తుంది. దానికి మూల్యం ఉంది. ఏ సూత్రంతో రాశారో ఫైలు చెప్పనప్పుడు సర్వరు చేయగలిగినది ఒక్కటే: తనకు తెలిసిన సూత్రాలన్నిటితో ప్రయత్నించి, ఏ ఒక్కటి కుదిరినా పేజీ క్షేమమని ఒప్పుకోవడం. యాదృచ్ఛికంగా చెడిన పేజీ 32 బిట్ల మంచి చెక్‌సమ్‌ను దాటిపోయే అవకాశం సుమారు 429 కోట్లలో ఒకటి. మూడు తాళంచెవుల్లో ఏది పట్టినా తెరుచుకొనే తలుపు, ఒకే తాళంచెవికి తెరుచుకొనే తలుపుకన్నా బలహీనమైనది. ఆ మూడింటిలో ఒకటి ఏ తాళానికైనా పట్టేదైతే బలహీనత లెక్కకు అందదు. పేజీ మొదటి 4 బైట్లలో సున్నా ఉంటే, అది 4.0.14కు పూర్వపు పేజీ కావచ్చని భావించి ఆ గడిని పట్టించుకోకుండా వదిలే వెసులుబాటు పాత పరీక్షలో ఉండేది. అటువంటి పేజీ విషయంలో పరీక్ష మళ్లీ 26 బైట్ల స్థాయికే దిగిపోతుంది. స్థిరసంఖ్య ఉన్న పేజీకి అసలు పరీక్షే లేదు.

పాఠ పరిరక్షణ దృష్టితో చూస్తే ఇక్కడ మరొక చిక్కు ఉంది, దానిపై సాంకేతిక చర్చల్లో కూడా తగినంత శ్రద్ధ కనిపించదు. సర్వరును కొత్త రూపానికి మార్చినంత మాత్రాన ఫైలులోని పేజీలన్నీ ఆ క్షణమే కొత్త ముద్ర పొందవు. ఏ పేజీలో మార్పు జరిగి తిరిగి డిస్కుకు చేరుతుందో దానికే కొత్త సూత్రం వర్తిస్తుంది. మార్పు లేని పేజీ పాత ముద్రతోనే ఉంటుంది. చెక్‌సమ్‌ను సరిచూసేది కూడా పేజీని డిస్కు నుంచి జ్ఞాపకానికి తెచ్చినప్పుడే. ఎవరూ తెరవని పేజీని యంత్రం తనంతట తాను పరీక్షించదు.

ఈ రెండు అంశాలనూ కలిపి ఆలోచిస్తే పత్రికల పాత సంచికల పరిస్థితి అర్థమవుతుంది. రోజూ మారే వినియోగదారుల పట్టికలు, సందర్శకుల లెక్కలు త్వరలోనే బలమైన ముద్ర పొందుతాయి. పదిహేనేళ్ల కిందట ప్రచురితమై, ఎప్పుడో ఒక పరిశోధకుడు మాత్రమే వెదుకుతూ వచ్చే వ్యాసం అన్నిటికన్నా బలహీనమైన ముద్రతో, అన్నిటికన్నా తక్కువ పరీక్షలతో మిగులుతుంది. ఏది కాపాడవలసిన పాఠమో దానికే రక్షణ తక్కువ. తాళపత్రాల విషయంలోనూ అంతే. పారాయణంలో ఉన్న గ్రంథం మళ్లీ మళ్లీ ప్రతి ఎత్తబడి నిలిచింది, అటకెక్కిన గ్రంథం చెదల పాలైంది.

5. కొత్త ముద్ర - పాత దోషం:

పాత ముద్రను తీసి కొత్తది వేయడంలోని అసలు ప్రమాదాన్ని గ్రంథాలయ రంగంలోని ఒక ఉదాహరణతో చూపవచ్చు. పుస్తకాలకు ఇచ్చే ఐఎస్‌బీఎన్‌లో చివరి అంకె చెక్‌సమ్ వంటిదే. 2007 జనవరి 1 నుంచి 10 అంకెల ఐఎస్‌బీఎన్ స్థానంలో 13 అంకెలది వచ్చింది. పాత సంఖ్యకు ముందు 978 చేర్చి, చివరి అంకెను తీసివేసి, వేరే సూత్రంతో కొత్త చివరి అంకెను లెక్కించాలి.

8170981522 అనే సంఖ్యను ఉదాహరణ కోసం కల్పించుకుందాం. పాత సూత్రం ప్రకారం మొదటి తొమ్మిది అంకెలను వరుసగా 10 నుంచి 2 వరకు ఉన్న సంఖ్యలతో హెచ్చవేసి కూడితే 262 వస్తుంది. చివరి 2 కలిపితే 264. అది 11తో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక సంఖ్య సరైనదే. సూచిక తయారు చేసేవారు పొరపాటున 1, 5 అంకెలను తారుమారు చేసి 8170985122 అని నమోదు చేశారనుకుందాం. ఇప్పుడు మొత్తం 268, దాన్ని 11తో భాగిస్తే 4 మిగులుతుంది. పాత సూత్రం ఈ దోషాన్ని పట్టింది. కాని ఆ పరీక్ష చేయకుండానే చివరి అంకెను తీసివేసి 13 అంకెలకు మార్చితే 9788170985129 వస్తుంది. కొత్త సూత్రం ప్రకారం ఈ సంఖ్యలో ఏ లోపమూ లేదు. తప్పును పట్టించగల ఒకే ఒక్క సాక్ష్యం, అంటే పాత చివరి అంకె, మార్పిడిలో చెరిగిపోయింది. ఆ తర్వాత ఆ సంఖ్యను ఎన్నిసార్లు పరీక్షించినా సరైనదనే సమాధానమే వస్తుంది.

కొత్త పద్ధతి ఎల్లప్పుడూ బలమైనదే అవుతుందని అనుకోవడం కూడా పొరపాటే. పక్కపక్క అంకెలు తారుమారైతే 10 అంకెల సూత్రం తప్పక పట్టుకొనేది. 13 అంకెల సూత్రం 1, 6 వంటి 5 తేడా గల అంకెలు తారుమారైతే పట్టుకోలేదు. అక్కడ మార్పుకు కారణం సంఖ్యల కొరత, పరీక్ష బలం కాదు. ఇన్నోడీబీ విషయంలో మాత్రం కొత్తది నిస్సందేహంగా మేలైనది. అయినా మార్పిడి క్షణంలోని ప్రమాదం రెండు చోట్లా ఒకటే. చెడిన పేజీని పాత చెక్‌సమ్‌తో సరిచూడకుండా కొత్త చెక్‌సమ్‌తో తిరిగి రాస్తే 'దాత' శాశ్వతంగా దాతగానే ఉండిపోతాడు. ఛందస్సుకు కుదిరేలా లేఖకుడు సరిదిద్దిన పద్యపాదాన్ని తర్వాతి పరిష్కర్తలు మూలమని నమ్మినట్లే ఇది జరుగుతుంది. గణాలు కుదిరిన పాదంలో అనుమానానికి తావే మిగలదు.

6. మార్పిడికి ముందు చేయవలసినది:

ఇబ్రహీంపట్నం పరిసరాల్లో ఇంజినీరింగు కళాశాలలు అధికం. అటువంటి కళాశాలల్లో గ్రంథాలయ సూచికనో, శాఖా పత్రికనో నడిపే సర్వరును కొత్త రూపానికి మార్చే పని సాధారణంగా సెలవుల్లో ఒకరోజు పనిగా ముగుస్తుంది. మార్పిడి తర్వాత పేజీ తెరుచుకుంటే పని అయినట్లే భావిస్తారు. తెరుచుకున్నది ముఖపత్రం మాత్రమే.

పాత రూపపు సర్వరు ఇంకా నడుస్తుండగానే ప్రతి పట్టికనూ ఒకసారి పూర్తిగా చదివించాలి. 'చెక్ టేబుల్' ఆదేశం అందుకు ఉపకరిస్తుంది. సర్వరును ఆపగలిగితే 'ఇన్నోచెక్‌సమ్' అనే సాధనం ఫైలులోని పేజీలను ఒక్కొక్కటిగా సరిచూస్తుంది. ఈ సాధనాన్ని పాత రూపానిదే వాడడం మేలు, ఎందుకంటే మరియాడీబీ 10.6 నుంచి దానిలోనూ కొన్ని పాత ఎంపికలు తొలగిపోయాయి. ఆ తర్వాత పట్టికలన్నిటినీ పాఠరూపంలో ఎగుమతి చేసి, కొత్త సర్వరులోకి తిరిగి నింపడం ఫైళ్లను యథాతథంగా నకలు చేయడంకన్నా సురక్షితం. ఎగుమతి చేసేటప్పుడు అసలు పాఠం ఉన్న ప్రతి పేజీ చదవబడుతుంది, నింపేటప్పుడు ప్రతి పేజీ కొత్త ముద్రతో రాయబడుతుంది. ద్వితీయ సూచికల పేజీలు ఎగుమతిలో చదవబడవు గాని, అవి కొత్త సర్వరులో మొదటి నుంచి నిర్మితమవుతాయి కనుక నష్టం లేదు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాడేవారి సమస్య దీనికి భిన్నం. దానిలో పేజీ చెక్‌సమ్ 2013లో 9.3 రూపంతో ఒక ఎంపికగా వచ్చింది, 2025లో వెలువడిన 18 నుంచి మాత్రమే సహజ అమరిక అయింది. అంటే కోరి అమర్చుకోని పాత నిల్వలకు చెక్‌సమ్ అసలే ఉండదు. అక్కడ పాత ముద్రతో సరిచూడడమనే ప్రశ్నే ఉదయించదు. కొత్తగా ముద్ర వేసే రోజున పాఠం ఏ స్థితిలో ఉందో ఆ స్థితినే ముద్ర కాపాడుతుంది.

చెక్‌సమ్ ఏమి చేయలేదో కూడా గుర్తించాలి. అది యాదృచ్ఛిక దోషాల కోసమే. ఉద్దేశపూర్వకంగా పాఠాన్ని మార్చినవారు చెక్‌సమ్‌ను కూడా తిరిగి లెక్కించి రాయగలరు. రచయిత టైపు చేసేటప్పుడు చేసిన తప్పు, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు చొరబడిన తప్పు డేటాబేసుకు తప్పులే కావు. రాసినది రాసినట్లు ఉన్నదా అన్నదే దాని ప్రశ్న.

పేజీ చెడిందని తేలినప్పుడు సర్వరు దాన్ని చదవడానికి నిరాకరించి, దోషాన్ని నమోదు చేసి ఊరుకుంటుంది. ఆ పేజీలో సరైన అక్షరం ఏదో చెప్పే శక్తి చెక్‌సమ్‌కు లేదు. రక్షిత ప్రతి ఉంటే దాని నుంచి, లేకుంటే రచయిత వద్ద మిగిలిన ప్రతి నుంచో, ఎవరో దించుకొని దాచుకున్న ప్రతి నుంచో పాఠాన్ని పునర్నిర్మించాలి. ప్రతులు భేదించినప్పుడు ఆ వాక్యంలో ఉండవలసినది 'తాత'యో 'దాత'యో కంప్యూటరు శాఖ తేల్చలేదు. అందుకోసం పాత ఫైళ్ల నకలునూ, వాటిని చదవగల పాత సర్వరునూ, పోలిక పూర్తయ్యేవరకు చెరపకుండా ఉంచి తెలుగు శాఖ చేతికి అందించాలి.